ఐవా అన్న పాపానికి ఒక తుపాకీ

మొన్నొక పొద్దున, సరిగ్గా బడి బస్సు వచ్చే టైముకు, మా అమ్మాయి చొక్కా గుండీ ఊడింది. అరలోంచి పాత రేకుడబ్బా తీసి మంచమ్మీద బోర్లించాను. గుండీలు, పిన్నీసులు, ఒంటి జూకాలతో పాటు ఒక నల్లటి సీసం ముక్క దొర్లుకుంటూ వచ్చి దుప్పటి మడతలో ఆగింది. శనగబద్దంత ఉంటుంది, ఒక పక్క అణిగిపోయి ఉంటుంది.

"ఇదేం గుండీ అమ్మా?" అంది మా అమ్మాయి.

"అది గుండీ కాదు, మా జేజి" అన్నాను. బస్సు వెళ్లిపోయింది. తప్పు నాదే, కథ మొదలుపెట్టాను కదా.

అప్పుడు నాకు పదకొండో పన్నెండో. అజ్మాన్‌లో ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో ఉండేవాళ్లం. ఒక గది, ఒక వంటిల్లు, గోడలో బిగించిన ఏసీ. కింద మలయాళీల కెఫెటేరియాలో పరోటాలు కాలే వాసన పొద్దున్నే మెట్లెక్కి మా తలుపు దాకా వచ్చేది. అమ్మ ఎండుమిరపకాయలు వేయిస్తే పక్క ఫ్లాటువాళ్లు తుమ్మేవాళ్లు, వాళ్లు చేపలు వేయిస్తే మేం తలుపు తెరిచి పెట్టుకునేవాళ్లం. నాయన ఉమ్ అల్ క్వైన్‌లో ఒక వర్క్‌షాపులో లేత్ మెషీన్ మీద పనిచేసేవాడు. ఎన్నిసార్లు ఉతికినా ఆయన చొక్కాకు నూనె వాసన పోయేది కాదు.

ఆ చలికాలం జేజి విజిట్ వీసా మీద వచ్చింది. నాయనమ్మను మేం జేజి అంటాం, తాతను అబ్బ అంటాం. మాది కడప జిల్లాలో నల్లమల అంచున ఊరు. అబ్బ పోయి అప్పటికి రెండేళ్లు. ఆయన పేరు చెబితే ఊళ్లో అందరికీ ముందు నాటు తుపాకీ గుర్తొచ్చేది. చెనిక్కాయ, అదే వేరుశనగ, చేలమీద పడే అడవిపందిని ఒక్క దెబ్బకు పడగొట్టేవాడని, ముసలితనంలో కూడా గురి తప్పలేదని చెప్పుకునేవాళ్లు. నాయన కూడా స్నేహితుల ముందు ఆ గొప్పలే చెప్పేవాడు. జేజి వక్క నములుతూ వినేది, ఒక్క మాటా కలిపేది కాదు.

జేజికి దుబాయ్ నచ్చలేదు. అజ్మాన్ అయినా మా వాళ్లకు అంతా దుబాయే. "కాలు పెడితే గచ్చు, తలకాయ ఎత్తితే గచ్చు. మన్ను యాడ దాచిపెట్టినార్రా వీళ్లు?" అనేది. పొద్దస్తమానం కిటికీ దగ్గర కూర్చుని, ఎదురు బిల్డింగు ఏసీల మీద వాలే పావురాళ్లను ఒక కన్ను మూసి చూసేది. కంటికేదో జబ్బు చేసిందని భయపడి నాయన క్లినిక్కుకు తీసుకుపోయాడు. డాక్టరు గోడమీది బొమ్మలన్నీ చూపించి, ఈమె కళ్లు నా కళ్లకంటే బాగున్నాయి పొమ్మన్నాడట.

ఇక మామ. మా అమ్మ తమ్ముడు. ఉమ్ అల్ క్వైన్ లోపల, ఇసుక దిబ్బల మధ్య ఒక అర్బాబ్ తోటలో పనిచేసేవాడు. అర్బాబ్ అంటే యజమాని. మామను విమానం ఎక్కించేటప్పుడు కడప ఏజెంటు ఒకే ఒక్క మంత్రం చెవిలో ఊదాడు: "అరబ్బోడు ఏమడిగినా ఐవా అను. ఐవా అంటే ఔను. లా అంటే కాదు. లా అన్నెవంటే మళ్లీ విమానమే." మామ ఆ మంత్రాన్ని భక్తిగా జపించాడు. మొదటిరోజు అర్బాబ్ మేకలు కాస్తావా అన్నాడు, ఐవా. మోటారు బాగుచేస్తావా, ఐవా. ఖర్జూరం చెట్టెక్కుతావా, ఐవా. మీ దేశంలో వేటాడావా, బందూకు కాల్చావా, దానికీ ఐవా. చెట్టెక్కడం రెండుసార్లు పడి నేర్చుకున్నాడు. మోటారు మూడుసార్లు షాకు కొట్టించుకుని నేర్చుకున్నాడు. ఇంట్లో మేమంతా ఆయన్ను ఐవా మామ అనే పిలిచేవాళ్లం. ఆయన కూడా పలికేవాడు.

బందూకు సంగతి అందరూ మరిచిపోయారు, అర్బాబ్ తప్ప.

ఒక శుక్రవారం నమాజు అయ్యాక మామ మా ఇంటికి వచ్చాడు. మామూలుగా వస్తే చేతిలో తోట గుడ్లో, మేకపాలో ఉండేవి. ఆ రోజు ఒక మడత కాగితం, నాలుగొందల దిర్హమ్‌లు ఉన్నాయి. అమ్మ రాగిసంగటి ముద్ద, నాటుకోడి పులుసు పెట్టినా చెయ్యి కదల్లేదు.

"తోటలో కోడిపిల్లలు మాయమైతాండాయి అక్కా. నక్క పట్టకపోతాందంటాడు అర్బాబ్. 'తుమ్ బోలా బందూక్ మాలూమ్. యల్లా, జావ్, బందూక్ లావ్', తుపాకీ తెలుసంటివి గదా, పొయ్యి తే పో అని డబ్బులిచ్చినాడు. గాలి తుపాకీ కొనాలంట. దుకాణమోళ్లకు చూపించేకి కాగితం గూడా రాసిచ్చినాడు. మూడో శుక్రవారం వస్తాడంట, నేను కాల్చేది చూసేకి."

"చెప్పేయ్, నాకు రాదని" అంది అమ్మ.

"యాడక్కా! అబద్ధం చెప్పినోణ్ణి ఆయన ఒక పూట ఉంచుకోడు. పాలల్లో నీళ్లు కలిపినోణ్ణి అదే వారం ఖలాస్ చేసి పంపించినాడు. నా వీసా ఈ నెలాఖరుకు అయిపోతాది. ఆయన సంతకం పెడితేనే ఉండేది." కాగితాన్ని ఇంకో మడత పెడుతూ అన్నాడు, "నిమ్మచెట్లు ఇప్పుడిప్పుడే పిందె పడతాండాయి అక్కా."

అదీ అసలు బాధ. ఆ ఇసుకలో ఎరువు పోసి, నీళ్లు పోసి, మామ రెండొందల నిమ్మ మొక్కలు పెంచాడు. ఇసుకలో నిమ్మ రాదని అందరూ నవ్వారు. కాపు చూడకుండా పొమ్మంటే మామ బతికుండీ లేనట్టే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నాయన రంగంలోకి దిగాడు. లేత్ మెషీన్ మనిషి కదా, కొలతలంటే ప్రాణం. గాలి తుపాకీల్లో రెండు సైజుల గుండ్లుంటాయని, ఒకటి నాలుగున్నర మిల్లీమీటర్లు, ఇంకోటి ఐదున్నర అని వర్క్‌షాపు స్నేహితుడికి ఫోన్ చేసి తెలుసుకున్నాడు. ఆ సాయంత్రమంతా నాలుగున్నరా ఐదున్నరా అన్న చర్చే. నాలుగున్నర వేగంగా పోతుందని నాయన, లావుదైతే నక్క బెదురుతుందని మామ. టైము గురించేమో అనుకుని, గోడగడియారం చూసి నేను కూడా నా అభిప్రాయం చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు.

జేజి వక్క పక్కకు నెట్టి అంది, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట. కొట్టేది ఏందో చూడకుండా తుపాకీ కొంటారా ఎవురైనా? " మామ వైపు తిరిగింది. "అబ్బీ, నన్ను తోటకు తీస్కపో."

నాయన నవ్వాడు. "నీకేం తెల్సమ్మా తుపాకులు?"

"మీ నాయన పక్కన నలభై ఏండ్లు కూసున్నా గదరా. పప్పు కాసేటోళ్ల పక్కన కూసుంటే పప్పు వాసన తగల్దా?"

తోట పికప్ ముందు సీట్లో జేజి, మామ, నేను. వెనకాల ఎరువు బస్తాల మధ్య నాయన. ఊరు దాటి ఇసుక మొదలవగానే జేజి ముఖం విప్పారింది. తోటలో దిగి చెప్పులు విడిచి, మడిలోని తడి మన్ను మీద నిలబడి, "ఇదో, ఈడుండాది మన్ను" అంది. తర్వాత కొంగు నడుముకు దోపి కోళ్ల గూడు చుట్టూ వంగి నడిచింది. నేను ఆమె వెనకాలే వంగి నడిచాను.

"నక్క కాదు" అంది చివరికి. "నక్కయితే ఈకలు యాడబడితే ఆడ పడుంటాయి. ఒక్క ఈక లేదు. ఇదో బొక్క. ఇదో ఇంకోటి. గుడ్లు గూడా పోతాండాయా?"

"పోతాండాయి అత్తా."

"మరి గుడ్లు పొయ్యేది చెప్పలేదే! పందికొక్కులు అబ్బీ. దాణా బస్తాల కిందికి పొయ్యి చూడు."

మామ బస్తా జరిపాడు, ఎగిరి బయటపడ్డాడు. పిల్లిపిల్లంత పందికొక్కు ఒకటి నా కాళ్ల మధ్యనుంచి పరుగెత్తింది. నా కేకకు పక్క తోటలో కుక్క మొరిగింది. జేజి మాత్రం గూటి నుంచి బస్తాల దాకా అడుగులు లెక్కపెడుతూ ఉంది. పన్నెండు.

దుకాణం షార్జాలో ఒక సందులో. గుడారాలు, చేపల గాలాలు, డేగల తలలకు తొడిగే తోలు టోపీలు. దుకాణమంతా తోలు, నూనె, ఊదు కలిసిన వాసన. గల్లా దగ్గర ఒక పెషావర్ పెద్దాయన ఉన్నాడు. మామ కన్ను లోపలికి వెళ్లీ వెళ్లగానే ఒక నల్ల తుపాకీ మీద పడింది. దానికి పైన దుర్భిణి, ఆకుల బొమ్మల పట్టీ. నాలుగున్నర సైజు. ధర అర్బాబ్ ఇచ్చిన డబ్బుకు సరిగ్గా సరి. మామ దాన్ని మెడలో వేసుకుని అద్దంలో చూసుకున్నాడు. నిజం చెప్పాలంటే బాగానే ఉన్నాడు.

"తీసెయ్" అంది జేజి.

ఆమె మాటలు నాయన హిందీలో చెప్పేవాడు, పెద్దాయన జవాబులు తెలుగులో. చూస్తూ చూస్తూ నాయన దుబాసీ అయిపోయాడు. జేజి మామ చేత ఒక్కొక్క తుపాకీ ఎత్తించింది. "కండ్లు మూసుకో. భుజానికెత్తు. ఇప్పుడు తెరువు. కంటికి ఎదురుగా ఏం కనపడతాంది?"

"గోడ అత్తా."

"అది నీ తుపాకీ కాదు. ఇంకోటి ఎత్తు."

నాలుగోది ఎత్తి కళ్లు తెరిచాక మామ, "చివర్న ఇనుప ముల్లు కనపడతాంది, సరిగ్గా నడిమధ్యన" అన్నాడు. అది కట్టె మడమ, అంటే భుజానికి ఆనించే భాగం, ఉన్న పాత మోడలు. మధ్యకు విరిచి గుండు పెట్టే రకం, దుర్భిణి లేదు. చాన్నాళ్లు అద్దాల అరలో ఉండి పక్కన గీత పడింది. దానిలో రెండు సైజులూ ఉన్నాయి. పెద్దాయన తేడా ఓపిగ్గా చెప్పాడు: చిన్న గుండు వేగంగా, సూటిగా పోతుంది, కాగితం మీద గురికి మంచిది. పెద్ద గుండు కాస్త నెమ్మది, దూరం పోతే కిందికి వంగుతుంది, కానీ దెబ్బ గట్టిది.

"మాకు పన్నెండు అడుగులే" అంది జేజి. "ఈ మూల నుంచి ఆ మూలకంత. దానికి వేగమెందుకు? తగిలిన చోటనే పడిపోవాల. గాయంతో బొక్కలో దూరి మూడు దినాలు తన్నుకుంటే ఆ ఉసురు మనకే. పెద్దదే ఇయ్యమను."

"మరి దుర్భిణి?" మామ ఆశ చావలేదు.

"మిగిలిన డబ్బులకు గుండ్లు కొను. గురి వచ్చేది గుండ్లు ఖర్చు పెడితే, అద్దాలు పెడితే కాదు."

పెషావర్ పెద్దాయన గల్లా వెనకనుంచి లేచి వచ్చాడు. గీత పడిందని కొంత ధర తగ్గించి, గుండ్ల డబ్బా ఒకటి ఊరికే ఇచ్చాడు. అదే ఈ గుండీల డబ్బా.

తర్వాతి రెండు వారాలూ మా ఇల్లు ఇల్లులా లేదు. తుపాకీ తోటలోనే ఉండేది, గుండ్లు మాత్రం మా ఇంటికొచ్చాయి. జేజి వాటిని అమ్మ స్టీలు తట్టలో పోసి ఒక్కొక్కటే దొర్లించేది. ఒకే తీరున దొర్లేవి ఒక పక్క, తడబడేవి ఒక పక్క, బియ్యంలో రాళ్లు ఏరినట్టు. నాయన తన వెర్నియర్ తెచ్చి ఆమె ఏరినవి కొలిచి చూసి, "అన్నీ సరిగ్గా ఉండాయే!" అని ఆశ్చర్యపోయాడు. సీసం తగిలిన తట్టలో అన్నమెలా పెడతానని అమ్మ దాన్ని బాల్కనీలోకి విసిరింది. జేజి ఏరి పడేసిన వంకర గుండ్లు నేను పెన్సిల్ బాక్సులో దాచుకుని బడికి తీసుకుపోయాను. లెక్కల టీచరు చూసి ఏమిటివి అంటే మా నాయన వర్క్‌షాపు మేకులన్నాను. చూడండి, అబద్ధాలు మా ఇంట్లో మామ ఒక్కడే చెప్పలేదు.

శుక్రవారాలు తోటలోనే. వేపచెట్టు కింద చాప, దాని మీద జేజి. ఉడికించిన చెనిక్కాయలు, యాలకుల టీ, కంచె మీద పెప్సీ డబ్బాలు. "ఊపిరి పీల్చు. సగం వదులు. ఆపు. ఏలు గుంజగాకు, ఒత్తు. నీ ఏలు పెండ్లికూతురి చెయ్యి పట్టుకున్నెట్ల ఉండాల" అనేది. మామ సిగ్గుపడి గురి తప్పేవాడు. ఒకసారి ఎవరూ చూడనప్పుడు నేను గుండు లేకుండానే తుపాకీ విరిచి కాల్చాను. ఫట్ మని చెంప అదిరింది. జేజి రెండో చెంప తానే అదరగొట్టింది: "ఉత్త తుపాకీ కాలిస్తే లోపల స్ప్రింగు చస్తాది!" నాకు ఆ స్ప్రింగు మీదే అసూయ కలిగింది. రెండో శుక్రవారానికి మామ పదింటికి ఏడు డబ్బాలు పడేస్తున్నాడు.

మూడో శుక్రవారం అర్బాబ్ వచ్చాడు. పాదాల దాకా తెల్లటి కందూరా, తెల్లటి గడ్డం, చేతిలో జపమాల. మాటలు తక్కువ. చాపకు దూరంగా కుర్చీ వేయించుకుని ఖాళీ లబన్ సీసా ఒకటి కంచె గుంజ మీద పెట్టించాడు. లబన్ అంటే మజ్జిగ. మా పెప్సీ డబ్బాలకంటే అది కాస్త దూరంలోనే ఉంది. "యల్లా" అన్నాడు.

మామ ఊపిరి ఆపడం మరిచిపోయి కాల్చాడు. మొదటి గుండు ఎటు పోయిందో తెలియదు. రెండోది దాణా డ్రమ్ముకు తగిలి టంగుమంది. అమ్మ కళ్లు మూసుకుంది. అర్బాబ్ జపమాల ఆగింది.

మామ మూడో గుండు పెట్టబోయి ఆగాడు. తుపాకీ కిందికి దించి అర్బాబ్ ముందుకు నడిచి తల వంచాడు.

"లా, అర్బాబ్" అన్నాడు.

మూడేళ్లలో మామ నోట ఆ మాట మేం విన్నది అదే మొదలు. తనకొచ్చిన హిందీలో, అరబ్బీలో మొత్తం చెప్పేశాడు. బందూకు తెలియదు. చెట్టు తెలియదు, మోటారు తెలియదు. ఐవా అన్నవన్నీ అబద్ధాలే. నిమ్మ మాత్రం తెలుసు. నిమ్మ అబద్ధం కాదు.

నాకు ఏడుపొచ్చింది. అర్బాబ్ తుపాకీ చేతిలోకి తీసుకుని మడమ చూశాడు, ముల్లు చూశాడు, గుండు సైజు చూశాడు. మామ వైపు తిరిగి అన్నది నాయన మాకు చెప్పాడు: "నువ్వు చెట్టును కౌగిలించుకుని ఎక్కిన రోజే నాకు తెలుసు నీ ఐవా సంగతి. ఎప్పుడు లా అంటావోనని చూస్తున్నాను. కానీ ఇది తెలియనివాడు కొనే తుపాకీ కాదు. తెలియనివాడు దుర్భిణి ఉన్నది తెస్తాడు. దీన్ని ఎంచింది ఎవరు?"

మామ చాప వైపు చూపించాడు.

అర్బాబ్ లేచాడు. నడిచి వచ్చి తుపాకీని రెండు చేతులతో జేజి ముందు పెట్టి, "తఫద్దలీ, యా హజ్జా" అన్నాడు. కానివ్వమ్మా అని. మక్కాకు పోకపోయినా పెద్దవాళ్లను వాళ్లు అలాగే పిలుస్తారు.

జేజి నాయన వైపు చూసింది, నా వైపు చూసింది. వక్క ఉమ్మేసింది. కొంగు బిగించి, ఒక మోకాలు లేపి, మోచేయి దాని మీద ఆనించింది. ఒక కన్ను మూసింది. కిటికీ దగ్గర పావురాళ్లను చూసిన చూపే. ఫట్ మనేసరికి లబన్ సీసా గాల్లో గిర్రున తిరిగి కంచె అవతల పడింది.

అర్బాబ్ పిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. నేను చాప మీద గంతులేశాను. నాయన మాత్రం బొమ్మలా నిలబడిపోయాడు. "అమ్మా, నువ్వు... ఎప్పుడు..."

"మీ నాయనకు కండ్లల్లో పూలు పడినాయి గదరా, నువ్వు పదో తరగతిలో ఉన్నెప్పుడు" అంది జేజి, తుపాకీ చాప మీద పెడుతూ. "ఎవురికీ చెప్పొద్దన్నెడు. గురి పొయినాదంటే మనిషి పొయినెట్లే అన్నెడు. మంచె మీద ఆయన కూసునేది, నేను కాల్చేది. పంది పడినాక జనం ఉరికొచ్చే లోపల తుపాకీ ఆయన చేతిలో పెట్టేదాన్ని."

నాయన వెళ్లి జేజి పక్కన కూలబడి ఆమె మోకాలి మీద తల పెట్టుకున్నాడు. ఆయన నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు. రెండూ అయ్యుంటాయి.

అర్బాబ్ పోతూ పోతూ మామను అడిగాడు, "నిమ్మకు నీళ్లు పెట్టావా?"

"ఐవా, అర్బాబ్" అన్నాడు మామ. ఈసారి అది నిజం. మరుసటి వారమే ఆయన పాస్‌పోర్టు స్టాంపింగుకు పోయింది. జేజి నాలుగు సాయంత్రాలు తోటలో కూర్చుని పందికొక్కుల లెక్క తేల్చింది, కోడిపిల్లలు పెద్దవయ్యాయి. జేజి వెళ్లిపోయే వారం మామ తొలి కాపు నిమ్మకాయలు తెచ్చాడు, ఏడే ఏడు. అమ్మ ఆరింటిని ఊరగాయ పెట్టింది. ఏడోది జేజి చేతిలో పెట్టుకుని విమానం ఎక్కింది.

లబన్ సీసా ఎగిరిన రోజే నేను జామెట్రీ బాక్సు కంపాసుతో కంచె వెనక చెక్కలోంచి జేజి గుండును తవ్వి తీశాను. సీసాను దాటిపోయి అందులో దిగబడి ఉంది. ఇప్పుడు దుప్పటి మీద దొర్లింది అదే.

ఎయిర్‌పోర్టు గేటు దగ్గర జేజి మమ్మల్ని దగ్గరకు పిలిచి చెప్పిన మాట ఒకటుంది. "ఈడ చూసింది ఈడనే. ఊర్లో మాత్రం అది మీ అబ్బ గురే. తెలిసిందా పాపా?"

ఆ తోట ఇప్పుడు లేదు. దాని మీదుగా రోడ్డు పోయిందని మామ చెప్పాడు. జేజి కూడా లేదు. నేను ఎప్పుడైనా ఊరికి పోతే అరుగుల మీద ముసలివాళ్లు ఇప్పటికీ అబ్బ మాట ఎత్తుతారు. ముసలితనంలో కూడా, చూపు మందగించినా, ఒక్క దెబ్బకు పందిని పడగొట్టేవాడని చెప్పి, నా వైపు తిరిగి, "నిజమే గదమ్మా? మీ నాయన చెప్పింటాడే" అంటారు.

నాకు జేజి మూసిన కన్ను గుర్తొస్తుంది. గాల్లో గిర్రున తిరిగిన లబన్ సీసా గుర్తొస్తుంది. చెప్పేయాలని నాలుక చివరిదాకా వస్తుంది.

"ఐవా" అంటాను.